లారావెల్ కలెక్షన్‌కు సారాంశ గణనలు జోడించడం: మొత్తం, సగటు ధర ఎక్కడ లెక్కించాలి?

కాంటా_లెక్క (హనుమకొండ)

అందరికీ నమస్కారం. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి (కమీషన్ వ్యాపారం) నడిపే ఒక దుకాణం కోసం లారావెల్‌లో (పీహెచ్‌పీ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే చట్రం) చిన్న వెబ్ అప్లికేషన్ తయారుచేస్తున్నాను. ప్రతి లాట్‌కు రైతు పేరు, మిర్చి రకం, బస్తాల సంఖ్య, కాంటా మీద తేలిన బరువు, ఖరీదుదారు పాడిన ధర నమోదవుతాయి. పట్టిక అడుగున ఒక సారాంశ వరుస ఉండాలని, అందులో మొత్తం క్వింటాళ్లు, సగటు ధర, కనిష్ఠ, గరిష్ఠ ధరలు రకాల వారీగా కనబడాలని దుకాణదారు కోరుతున్నారు.

ప్రస్తుతం ‘పేజినేట్’ (వరుసలను పేజీలుగా విడగొట్టే పద్ధతి) ద్వారా వచ్చిన లాట్ల కలెక్షన్ (వరుసల జాబితా) మీదనే ‘సమ్’, ‘ఎవరేజ్’ పద్ధతులను పిలుస్తున్నాను. పేజీ మార్చినప్పుడల్లా మొత్తం మారిపోతున్నది. అంతేకాక, ఒకే పేజీలో సరిపోయేంత తక్కువ సరుకు వచ్చిన రోజున కూడా సగటు ధర గుమాస్తా పుస్తకంలోని లెక్కకు సరిపడటం లేదు. కలెక్షన్‌కు మాక్రో (ఉన్న తరగతికి బయటి నుంచి పద్ధతిని చేర్చే మార్గం) ద్వారా సొంత పద్ధతి ఒకటి జోడిస్తే ఈ పని శుభ్రంగా జరుగుతుందా, లేక ఈ లెక్కలన్నీ డేటాబేస్‌కే వదిలేయడం మంచిదా అన్నది నా ప్రశ్న.

శాయంపేట_వాసి

పేజీ మారితే మొత్తం మారడం సహజమే. ‘పేజినేట్’ పిలిచిన తరువాత మీ చేతికి వచ్చేది ఆ ఒక్క పేజీలోని వరుసల కలెక్షన్ మాత్రమే. మీరు సంఖ్య ఇవ్వకపోతే లారావెల్ 15 వరుసలు ఇస్తుంది. ఆ 15 వరుసల మీద ‘సమ్’ అంటే అది 15 వరుసల మొత్తమే అవుతుంది. ఎన్ని మాక్రోలు రాసినా ఇది మారదు, ఎందుకంటే మాక్రో తనకు కనబడని వరుసలను కూడలేదు.

మీరు చేయవలసిందల్లా వడపోతలన్నీ పెట్టిన క్వెరీని (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను) పేజీలుగా విడగొట్టకముందే ‘క్లోన్’ చేసి, ఆ నకలు మీద సారాంశం అడగడం. అసలు క్వెరీలో వరుసక్రమం పెట్టి ఉంటే నకలు మీద ‘రీఆర్డర్’ పిలిచి దానిని తీసివేయండి. రకాల వారీగా గుంపు చేసేటప్పుడు, గుంపులో లేని నిలువు వరుసతో క్రమం అడిగితే పోస్ట్‌గ్రెస్ నిర్మొహమాటంగా తిరస్కరిస్తుంది. మైఎస్‌క్యూఎల్ ఊరుకోవచ్చు, ఊరుకోకపోవచ్చు. అది దాని అమరికను బట్టి ఉంటుంది.

సీజన్ మొత్తం లాట్లను ‘గెట్’తో తెచ్చి మెమరీలో కూడుదామని మాత్రం అనుకోకండి. పీహెచ్‌పీ మెమరీ పరిమితి మామూలుగా 128 ఎంబీ. ప్రతి వరుసకూ ఒక మోడల్ వస్తువు తయారవుతుంది కనుక, కేవలం కూడిక కోసం అంత భారం మోపడం అనవసరం.

మానేరు_గట్టు (కరీంనగర్)

రెండవ సమస్యకు కారణం వేరు, నా దృష్టిలో అదే ముఖ్యమైనది. ‘ఎవరేజ్’ పద్ధతి ప్రతి లాట్‌నూ ఒక ఓటుగా లెక్కిస్తుంది. గుమాస్తా అలా లెక్కించరు. ఆయన మొత్తం రూపాయలను మొత్తం క్వింటాళ్లతో భాగిస్తారు.

కొన్ని ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక లాట్ 40 క్వింటాళ్లు, ధర 14,000. రెండవది 2 క్వింటాళ్లు, జెండా పాటలో (ఆ రోజు అత్యధిక ధర పలికే వేలంలో) 20,000 పలికింది. మూడవది 8 క్వింటాళ్లు, ధర 11,000. మూడు ధరల సాదా సగటు 15,000 వస్తుంది. కానీ రూపాయలు కూడితే 6,88,000, బరువు 50 క్వింటాళ్లు. భారిత సగటు (బరువును బట్టి తీసిన సగటు) 13,760 మాత్రమే. క్వింటాల్‌కు 1,240 రూపాయల తేడా. జెండా పాట ధర కొన్ని బస్తాలకే దక్కుతుందని మార్కెట్‌లో అందరికీ తెలుసు. సాదా సగటు మాత్రం ఆ కొన్ని బస్తాలకు 40 క్వింటాళ్ల లాట్‌తో సమానమైన ప్రాధాన్యం ఇస్తుంది.

లారావెల్ కలెక్షన్‌లో మొత్తం, సగటు, కనిష్ఠం, గరిష్ఠం, మధ్యగతం (క్రమంలో పేర్చితే నడుమ వచ్చే విలువ), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే విలువ) అన్నీ ఉన్నాయి గానీ భారిత సగటు లేదు. కనుక మీరు జోడించవలసిన పద్ధతి అదే. మిగిలినవి మళ్లీ రాయవలసిన పని లేదు.

కాంటా_లెక్క (హనుమకొండ)

మానేరు_గట్టు గారూ, ధన్యవాదాలు. బరువును ధరతో గుణించి కూడి, మొత్తం బరువుతో భాగించే మాక్రో రాశాను. చాలా రోజుల లెక్క పుస్తకంతో సరిపోయింది. కొన్ని రోజుల్లో మాత్రం నా సగటు పుస్తకంలోని దానికంటే బాగా తక్కువ వస్తున్నది. ఆ రోజుల్లో కొన్ని లాట్లకు ధర ఖాళీగా ఉన్నది. ధర నచ్చక రైతు అమ్మకుండా ఆపుకున్న సరుకు అది. మార్కెట్‌కు సెలవు ఉన్న రోజును ఎంచుకుంటే పేజీయే తెరుచుకోవడం లేదు.

పాకాల_నీడ (నర్సంపేట)

సెలవు రోజు సంగతి తేలిక. కలెక్షన్ ఖాళీ అయితే మొత్తం బరువు సున్నా అవుతుంది. పీహెచ్‌పీ 8 నుంచి సున్నాతో భాగిస్తే అది హెచ్చరికతో సరిపెట్టుకోకుండా దోషాన్ని విసిరి అక్కడే ఆగిపోతుంది. లారావెల్ సొంత ‘ఎవరేజ్’ ఖాళీ కలెక్షన్‌కు నల్ (విలువ లేదు అన్న గుర్తు) ఇస్తుంది. మీ పద్ధతి కూడా అదే మర్యాద పాటించాలి. సున్నా ఇవ్వకండి, ధర సున్నా అనడం వేరు, ధర లేదు అనడం వేరు.

ఖాళీ ధరల విషయంలో కొంచెం నిదానంగా ఆలోచించాలి. పీహెచ్‌పీలో నల్‌ను ఒక అంకెతో గుణిస్తే ఏ అభ్యంతరమూ లేకుండా సున్నా వస్తుంది. పైన ఇచ్చిన ఉదాహరణలోనే 8 క్వింటాళ్ల లాట్ అమ్ముడుపోలేదనుకోండి. రూపాయలు 6,00,000 అవుతాయి. మీ మాక్రో దానిని 50తో భాగించి 12,000 అంటుంది; అమ్ముడుపోయిన 42 క్వింటాళ్లతో భాగిస్తే వచ్చేది సుమారు 14,286. అంటే అమ్మని సరుకు లవంలో కనబడకుండా హారంలో మాత్రం కూర్చుంటున్నది.

డేటాబేస్‌కు మార్చినంత మాత్రాన ఇది పోదు. ఎస్‌క్యూఎల్‌లో నల్ లబ్ధాన్ని ‘సమ్’ వదిలేస్తుంది, కానీ బరువుల ‘సమ్’ ఆ లాట్ బరువును కలుపుకుంటుంది. సరిగ్గా అదే తప్పు ఫలితం వస్తుంది. రెండు చోట్లా, ధరా బరువూ రెండూ ఉన్న వరుసలనే ముందుగా ఏరుకోవాలి. అమ్ముడుపోని సరుకును, పాట అయి ఇంకా కాంటా కాని సరుకును సారాంశ వరుసలో విడిగా చూపితే దుకాణదారుకూ ఉపయోగం.

ఇంకొక చిన్న తిరకాసు ఉన్నది. కలెక్షన్ ‘సమ్’ నల్‌ను సున్నాగా కలుపుకుంటుంది, ‘ఎవరేజ్’ నల్ ఉన్న వరుసలను పక్కన పెడుతుంది, ‘కౌంట్’ మాత్రం వాటిని కూడా లెక్కిస్తుంది. కనుక మొత్తాన్ని సంఖ్యతో భాగించి సగటుతో పోల్చి చూసేవారికి రెండూ కలవకపోతే ఆశ్చర్యపోవలసినది లేదు.

ఓరుగల్లు_తోరణం (వరంగల్)

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సరైనవే. అయితే ఈ పద్ధతి ఏమి తిరిగి ఇవ్వాలి అన్న ప్రశ్నను ఎవరూ అడగలేదు. సగటును ఒక అంకెగా తిరిగి ఇచ్చే మాక్రో రాయడం నాకు సమ్మతం కాదు.

కారణం చెబుతాను. రేపు దుకాణదారు వారం సగటు అడుగుతారు. మీ దగ్గర రోజువారీ సగటులు సిద్ధంగా ఉంటాయి కనుక వాటినే మళ్లీ సగటు చేయాలనిపిస్తుంది. మొదటి రోజు 50 క్వింటాళ్లకు 13,760 సగటు, రెండవ రోజు 10 క్వింటాళ్లకు 16,000 సగటు అనుకోండి. సగటుల సగటు 14,880. నిజమైన సగటు 8,48,000ను 60తో భాగిస్తే వచ్చే 14,133 చిల్లర. సగటు అన్న అంకె చేతికి వచ్చేసరికి దాని వెనుక ఉన్న బరువు పోయింది. పోయిన దానిని తిరిగి రాబట్టలేము.

అందుచేత సారాంశాన్ని ఒక చిన్న వస్తువుగా చేయండి. అందులో లాట్ల సంఖ్య, అమ్ముడైన మొత్తం బరువు, మొత్తం రూపాయలు, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర ఉండాలి. సగటును దాచుకోకూడదు, ఎవరైనా అడిగినప్పుడే రూపాయలను బరువుతో భాగించి చెప్పాలి. రెండు సారాంశాలను కలిపే పద్ధతి ఒకటి ఇవ్వండి: సంఖ్యలు, బరువులు, రూపాయలు కూడికతో కలుస్తాయి, కనిష్ఠాలలో చిన్నది, గరిష్ఠాలలో పెద్దది తీసుకుంటే చాలు. అప్పుడు రకాల నుంచి రోజుకు, రోజుల నుంచి వారానికి, వారాల నుంచి సీజన్‌కు ఎక్కడికైనా కలుపుకుంటూ పోవచ్చు. డేటాబేస్ నుంచి వచ్చిన వరుసనూ, కలెక్షన్ నుంచి లెక్కించినదానినీ ఒకే రకమైన వస్తువుగా మార్చగలిగితే, ఎక్కడ లెక్కించాలన్న మీ మొదటి ప్రశ్న కూడా అంత బరువుగా ఉండదు.

పరీక్ష కూడా సులువవుతుంది. ఏదో ఒక రోజు లాట్లను ‘చంక్’తో ముక్కలు చేసి, ముక్కల సారాంశాలను కలిపి, మొత్తం సారాంశంతో పోల్చండి. ఎలా ముక్కలు చేసినా ఒకే ఫలితం రావాలి. ఖాళీ ముక్కను కూడా అందులో కలపడం మరచిపోకండి.

కాజీపేట_జంక్షన్

నేను ఇంకా విద్యార్థినే, కనుక సందేహం తప్పయితే మన్నించండి. ఈ సారాంశ పద్ధతిని మాక్రోగా రాయడం మంచిదా, లేక లాట్ల కోసం సొంత కలెక్షన్ తరగతి రాసుకోవడం మంచిదా? మాక్రో రాస్తే ఎడిటర్ దానిని గుర్తుపట్టక ఎర్రగీత పెడుతున్నది.

శాయంపేట_వాసి

మంచి సందేహమే తమ్ముడూ. మాక్రోను సర్వీస్ ప్రొవైడర్‌లోని ‘బూట్’లో నమోదు చేస్తే అప్లికేషన్‌లోని ప్రతి కలెక్షన్‌కూ, ఎలోక్వెంట్ (డేటాబేస్ మోడళ్ల) కలెక్షన్లతో సహా, అది వచ్చి చేరుతుంది. మన సారాంశం లాట్లకు మాత్రమే అర్థవంతమైనది. వినియోగదారుల కలెక్షన్ మీద కూడా సగటు మిర్చి ధర అడిగే వీలు ఎందుకు కల్పించాలి?

మాక్రోకు ఇంకొక ఇబ్బంది కూడా ఉన్నది. అసలు తరగతిలో లేని పేరును పిలిచినప్పుడే మాక్రో వంతు వస్తుంది. రేపు లారావెల్ కొత్త సంచికలో అదే పేరుతో సొంత పద్ధతి చేర్చితే, మీ మాక్రో ఏ సందడీ చేయకుండా మరుగున పడుతుంది, ఫలితం మాత్రం మారుతుంది. మాక్రోనే రాయాలనుకుంటే ఇతరులు వాడే అవకాశం లేని పేరు పెట్టండి. లోపలి ఫంక్షన్‌ను స్టాటిక్‌గా ప్రకటించకండి, ప్రకటిస్తే దానికి కలెక్షన్ అందదు.

సొంత తరగతి కోసం, లాట్ మోడల్‌లో ‘న్యూకలెక్షన్’ పద్ధతిని తిరగరాసి మీ తరగతిని తిరిగి ఇవ్వండి. ఆ తరువాత ‘గెట్’తో వచ్చేదంతా మీ తరగతే. రకాల వారీగా ‘గ్రూప్‌బై’ చేసినా ప్రతి గుంపూ మీ తరగతిలోనే ఉంటుంది కనుక, ఒక్కొక్క గుంపు మీద సారాంశం పిలవవచ్చు. అయితే ‘మ్యాప్’లో మోడల్ కాని విలువలు తిరిగి ఇచ్చినా, ‘ప్లక్’ చేసినా మామూలు కలెక్షన్ వస్తుంది. అక్కడ మీ పద్ధతి దొరకదు. ఇది లోపం కాదు, లాట్లు కాని వాటికి లాట్ల సారాంశం ఉండకూడదు కదా.

జమ్మికుంట_పత్తి

పత్తి మార్కెట్ లెక్కలతో కొంత పరిచయం ఉన్నవాడిగా ఒక మాట. బరువునూ ధరనూ ఏ రకంలో దాస్తున్నారో ఎవరూ అడగలేదు. మైఎస్‌క్యూఎల్‌లో డెసిమల్ నిలువు వరుస పెడితే అక్కడ కూడిక కచ్చితంగానే జరుగుతుంది, కానీ ఆ విలువ పీహెచ్‌పీకి అక్షరాల వరుసగా (స్ట్రింగ్) వస్తుంది, కలెక్షన్ దానిని కూడేటప్పుడు ఫ్లోట్‌గా (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకంగా) మారుతుంది. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చే లోకం అది. ఒకటి రెండు లాట్లకు కనబడదు. వందల లాట్లు కూడి, డేటాబేస్ మొత్తంతో సమానమా అని పరీక్షలో అడిగితే ఎక్కడో పైసల దగ్గర విఫలమవుతుంది.

మన మార్కెట్ కొలతల్లో దీనికి చక్కటి వెసులుబాటు ఉన్నది. బరువును కిలోల్లో పూర్ణాంకంగా, ధరను క్వింటాల్‌కు రూపాయల్లో పూర్ణాంకంగా దాచండి. క్వింటాల్ అంటే 100 కిలోలు, రూపాయి అంటే 100 పైసలు కనుక, రెండింటినీ గుణిస్తే వచ్చేది నేరుగా పైసలే. 37 కిలోలను 14,000తో గుణిస్తే 5,18,000 పైసలు, అంటే 5,180 రూపాయలు. ఎక్కడా దశాంశం లేదు. అరకిలోలు కూడా పట్టే కాంటా అయితే గ్రాముల్లో దాచి చివరన వెయ్యితో భాగించుకోండి. 64 బిట్ల పూర్ణాంకంలో పట్టనంత మిర్చి ఏ సీజన్‌లోనూ రాదు.

గుండ్రం చేయడం చూపించేటప్పుడు మాత్రమే చేయండి. ప్రతి రకానికీ సగటును గుండ్రం చేసి, దానిని బరువుతో తిరిగి గుణించి మొత్తం రాబట్టే పని పెట్టుకోకండి. రైతు చేతిలోని తక్‌పట్టీల (అమ్మకం చీటీల) మొత్తానికి అది సరిపడదు.

కాజీపేట_జంక్షన్

ఓరుగల్లు_తోరణం గారూ, మీ సారాంశ వస్తువులో మధ్యగతం, బాహుళకం లేవు. మార్కెట్ ధరల పట్టికల్లో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు మోడల్ ధర (ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర) కూడా ఉంటుంది కదా. దానికి కలెక్షన్ ‘మోడ్’ సరిపోతుందా?

ఓరుగల్లు_తోరణం (వరంగల్)

కావాలనే వదిలేశాను. అవి కలిసే రకం కాదు. సోమవారం మధ్యగతం, మంగళవారం మధ్యగతం తెలిసినంత మాత్రాన రెండు రోజుల మధ్యగతం చెప్పలేము. మళ్లీ అన్ని లాట్లూ చూడవలసిందే. బాహుళకమూ అంతే. అందుకని వాటిని సారాంశ వస్తువులో కలపకుండా, మొత్తం వరుసలు చేతిలో ఉన్నప్పుడు మాత్రమే పిలిచే విడి పద్ధతులుగా ఉంచాలి.

ఒక రోజు ఒక రకం లాట్లు మెమరీకి భారం కావు కనుక వీటికి కలెక్షనే సరైన చోటు. మైఎస్‌క్యూఎల్‌లో మధ్యగతానికి సిద్ధంగా ఉన్న ఫంక్షన్ లేదు; పోస్ట్‌గ్రెస్‌లో ‘పర్సెంటైల్ కాంట్’ ఉన్నది.

ఇక ‘మోడ్’ విషయం. కలెక్షన్ ‘మోడ్’ ఒక అంకెను కాక అంకెల జాబితాను ఇస్తుంది, ఎందుకంటే రెండు ధరలు సమానంగా అన్నింటికంటే ఎక్కువసార్లు రావచ్చు. పైగా అది లాట్లను లెక్కిస్తుంది, సరుకును కాదు. మీకు కావలసినది ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. కనుక ధరల వారీగా గుంపు చేసి, ప్రతి గుంపు బరువు కూడి, ఎక్కువ బరువున్న ధరను తీసుకోండి. మధ్యగతానికి కూడా బరువు కలపాలి: లాట్లను ధర క్రమంలో పేర్చి, బరువు కూడుకుంటూ పోయి, సగం బరువు దాటిన చోట ఉన్న ధరను తీసుకోవాలి. పై ఉదాహరణలో 11,000 దగ్గర 8 క్వింటాళ్లు, 14,000 దగ్గర 48. సగం 25 కనుక సమాధానం 14,000. నన్నడిగితే జెండా పాట ధరను తల మీద పెద్ద అక్షరాలతో చూపే బదులు ఈ అంకెను చూపడం రైతుకు ఎక్కువ మేలు. దుకాణదారు ఒప్పుకుంటారో లేదో వేరే సంగతి.

మానేరు_గట్టు (కరీంనగర్)

సీజన్ మొత్తాన్ని వరుసగా నడవవలసి వస్తే ‘కర్సర్’తో లేజీ కలెక్షన్ (వరుసలను అవసరమైనప్పుడు ఒక్కొక్కటిగా ఇచ్చేది) వాడవచ్చు, అది లారావెల్ 6 నుంచి ఉన్నది. అయితే దాని మీద ‘సమ్’, తరువాత ‘మ్యాక్స్’, తరువాత ‘మిన్’ అని విడివిడిగా పిలిస్తే ప్రతిసారీ క్వెరీ మొదటి నుంచి నడుస్తుంది. ఒకే నడకలో అన్నీ కూడే ‘రెడ్యూస్’ గానీ, అనేక మొత్తాలను పక్కపక్కన మోసుకుపోయే ‘రెడ్యూస్‌స్ప్రెడ్’ గానీ వాడండి. మామూలు కలెక్షన్‌కు రాసిన మాక్రో లేజీ కలెక్షన్‌కు రాదన్నది కూడా గమనించండి. దానికి విడిగా నమోదు చేయాలి.

రైతుల పట్టికలో ప్రతి రైతు పక్కన ఆయన మొత్తం బరువు చూపడానికి మాత్రం వీటిలో ఏదీ వద్దు. లారావెల్ 8 నుంచి ఉన్న ‘విత్‌సమ్’ ఒకే క్వెరీలో ఆ పని చేస్తుంది.

కాంటా_లెక్క (హనుమకొండ)

అందరి సూచనలూ కలిపి ఇలా అమర్చాను. వడపోసిన క్వెరీ నకలు మీద రకాల వారీగా ఒకే ఎస్‌క్యూఎల్ అడిగి, ప్రతి వరుసనూ సారాంశ వస్తువుగా మార్చి, వాటిని కలిపి అడుగు వరుస తయారుచేస్తున్నాను. రోజువారీ మధ్యగతం కోసం సొంత కలెక్షన్ తరగతి ఉన్నది. బరువులు కిలోల్లోకి మార్చాను. తేజ, వండర్ హాట్, చపాటా మూడింటికీ లెక్క పుస్తకంతో సరిపోయింది. అమ్ముడుపోని సరుకు విడి వరుసగా కనబడుతున్నది.

ఒక్క సందేహం మిగిలింది. మొబైల్ యాప్ కోసం ఇదే సమాచారాన్ని జేసన్‌గా (ప్రోగ్రాములు సమాచారం మార్చుకునే అక్షర రూపంలో) పంపాలి. నా కలెక్షన్ తరగతిలో సారాంశాన్ని ఒక గుణంగా ఉంచితే అది జేసన్‌లో రావడం లేదు.

పాకాల_నీడ (నర్సంపేట)

రాదు. కలెక్షన్‌ను జేసన్‌గా మార్చినప్పుడు లోపలి అంశాలే వెళ్తాయి, తరగతి గుణాలు వెళ్లవు. లాట్లను రిసోర్స్ కలెక్షన్‌గా (జేసన్ రూపాన్ని తీర్చే లారావెల్ తరగతిలో) చుట్టి, దాని మీద ‘అడిషనల్’ పిలిచి ‘సారాంశం’ అన్న విడి పేరు కింద పంపండి. పేజీల వివరాలు ఉండే ‘మెటా’ లోపల పెట్టకండి. అక్కడ ఉన్న ‘టోటల్’ అంటే లాట్ల సంఖ్య, మీ మొత్తం అంటే బరువు, యాప్ రాసేవారు రెండింటినీ కలగలిపే అవకాశం ఉన్నది. సగటును కూడా పంపండి గానీ, దానితో పాటు కిలోలు, పైసలు తప్పక పంపండి. యాప్‌లో రెండు రోజులను ఎంచుకుని కలిపి చూసే సౌకర్యం ఎవరో ఒకరు అడుగుతారు.